పాత కార్ సీటు ఇంకొకళ్ల పిల్లలకు ఇచ్చేముందు

బిడ్డకు సీటు చిన్నగయింది, మిర్యాలగూడల ఉన్న చెల్లెకో, ఓఎల్‌ఎక్స్‌ల పెట్టి ఎవరికో ఇచ్చేద్దాం అనుకుంటం కదా, ముందుగాల దాన్ని తిరగేసి చూడండి. కింద గానీ ఎనక గానీ ప్లాస్టిక్ మీద తయారైన తేదీ ఉంటది, చాలా కంపెనీలు 6 నుంచి 10 ఏండ్లే వాడమంటయ్, అది దాటితే ఫ్రీగ కూడా ఇయ్యొద్దు. స్టిక్కర్ మీద ఆర్44/04 లేదా ఆర్129 అనే పిల్లల సీట్ల సేఫ్టీ స్టాండర్డ్ నంబర్ ఉందా చూస్కోండి.

అన్నిటికంటె ముఖ్యం యాక్సిడెంట్. విజయవాడ హైవే మీద కారు గట్టిగ గుద్దుకున్నదంటే, అప్పుడు పిల్లలు అందుల లేకున్నా సరే, ఆ సీటు ఇంక ఎవ్వరికీ ఇయ్యొద్దు, లోపల సన్నగ చిట్లింది పైకి కనవడదు. అందుకే తెల్వనోళ్ల దగ్గర కొనుడు నాకైతే అస్సలు నచ్చదు, ఎట్ల వాడిన్రో నిజం చెప్పే సొంతోళ్ల దగ్గరైతేనే తీస్కోండి.

బెల్టులకు బ్లీచ్ గిట్ల పెట్టొద్దు, తడిబట్టతోని తుడిస్తే చాలు. మాన్యువల్ బుక్కు కూడా ఇయ్యండి.

గడువు అయిపోయినదైతే బెల్టులు కత్తిరించి, కవర్ తీసేసి, మార్కర్‌తోని 'వాడొద్దు' అని పెద్దగ రాసినంకనే పాత సామాన్లాయనకు ఎయ్యండి, లేకుంటే మంచిగనే ఉంది కదా అని ఎవరో తీస్కపోయి అందుల చిన్నపిల్లను కూసోవెడ్తరు.