టెక్సాస్‌లో ట్రాఫిక్ టికెట్ కాగితం పోయిందా? కోర్టు రికార్డుల్లో వెతికి కట్టడం ఎలా?

మా ఫ్రెండ్స్‌లో ఎవరికి టికెట్ పడినా ఫోన్ నాకే వస్తుంది. నేను లాయర్ని కాదు, ఐటీలో పని చేసుకునే మామూలు మనిషిని, కాకపోతే నాకు నాలుగు, మా ఆవిడకి రెండు, కొత్తగా వచ్చిన మా బాబాయి కొడుక్కి మూడు నెలల్లోనే రెండు పడ్డాయి కాబట్టి ఈ కోర్టు సైట్లన్నీ చేతికి అలవాటైపోయాయి. ఫోన్ చేసేవాళ్ళందరిదీ ఒకటే కథ. కాగితం ఎక్కడో పడిపోయింది, డేట్ గుర్తు లేదు, గూగుల్‌లో కొట్టి పైన వచ్చిన యాడ్ నొక్కి ఎవడికో డబ్బులు కట్టేశాడు. లేదంటే అసలు కోర్టు సైట్లోనే కట్టేసి, ఆ తర్వాత తాపీగా "అన్నా, డిఫెన్సివ్ డ్రైవింగ్ తీసుకోవచ్చా" (టికెట్ కొట్టేయించుకోవడానికి చేసే కోర్సు అది) అని అడుగుతాడు. కట్టేశాక ఇంకేం తీసుకుంటావ్ తమ్ముడూ, అయిపోయింది.

ఇదంతా టెక్సాస్ గురించే. వేరే స్టేట్‌లో ఉన్నవాళ్ళు దీన్ని ఫాలో అయిపోయి నన్ను తిట్టుకోవద్దు, అక్కడి రూల్స్ వేరు.

కావాల్సినవి: డ్రైవింగ్ లైసెన్స్, క్రెడిట్ కార్డు, లాప్‌టాప్, ప్రింటర్. ఫోన్‌లో మాత్రం చేయొద్దు, కోర్టు సైట్లు ఫోన్‌లో సగం బటన్లు చూపించవు. డెబిట్ కార్డు కూడా వద్దు, తేడా వస్తే డబ్బులు వెనక్కి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఏ కోర్టో ముందు తేల్చుకోండి

ఎక్కడ ఆపారన్నది తర్వాత, ముందు ఆపింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. సిటీ పోలీస్ ఆపితే ఆ సిటీ మునిసిపల్ కోర్టు. స్టేట్ ట్రూపర్ (స్టేట్ పోలీస్) గానీ షెరిఫ్ డెప్యూటీ (కౌంటీ పోలీస్) గానీ కానిస్టేబుల్ గానీ ఆపితే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు, అంటే జేపీ కోర్టు. (కానిస్టేబుల్ అంటే మన ఊళ్ళో లాఠీ పట్టుకుని నిలబడే ఆయన అనుకోకండి, ఇక్కడ జనం ఓట్లేసి గెలిపిస్తారు ఆయన్ని, మిమ్మల్ని ఆపింది ఆయన కింద పనిచేసే డెప్యూటీ.) సిటీ నడిబొడ్డున ఆపినా సరే, టికెట్ రాసింది ట్రూపర్ అయితే అది మామూలుగా జేపీ కోర్టుకే పోతుంది. ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. ఫ్రిస్కోలో ఆపారు కదా అని ఫ్రిస్కో మునిసిపల్ కోర్టు సైట్లో వెతుకుతారు, పేరు కనపడదు, కాప్ సబ్మిట్ చేయడం మర్చిపోయాడులే అని పండగ చేసుకుంటారు. వాళ్ళేం మర్చిపోరు.

జేపీ కోర్టులు కౌంటీకి ఒకటే ఉండవు, ప్రీసింక్ట్‌ల వారీగా, అంటే కౌంటీని విడగొట్టిన భాగాల వారీగా ఉంటాయి. డల్లాస్ కౌంటీలో 10, హారిస్ కౌంటీలో 16 ఉన్నాయి. చూడాల్సింది మీ ఇల్లు ఏ ప్రీసింక్ట్ అని కాదు, కారు ఆపిన చోటు ఏ ప్రీసింక్ట్ అని. ఫ్రిస్కో లాంటి ఊరైతే కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది కాబట్టి కౌంటీ కూడా మ్యాప్‌లో చూసుకోవాల్సిందే.

సైట్‌కి ఎప్పుడూ కౌంటీ లేదా సిటీ హోమ్ పేజీ నుంచే వెళ్ళండి. డాట్ గవ్ ఉంటేనే నిజం అని కొందరు చెప్తుంటారు, అదీ పూర్తిగా కరెక్ట్ కాదు, హారిస్ కౌంటీ జేపీ కోర్టుల సైట్ డాట్ నెట్‌లో ఉంటుంది. ఫోన్‌కి మెసేజ్ వచ్చి లింక్ నొక్కి కట్టమంటే మాత్రం అది దొంగ మెసేజే అనుకోండి, టోల్ బాకీ పేరుతో వచ్చే ఇలాంటి మెసేజ్‌ల గురించి 2024 ఏప్రిల్‌లోనే ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అన్నట్టు టోల్ బిల్లు వేరు, పార్కింగ్ టికెట్ వేరు, వాటికోసం ఈ రికార్డుల్లో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి.

పేరుతో వెతకడం

సైటేషన్ నంబర్ (టికెట్ మీది నంబర్) ఉంటే ఒక్క నిమిషం పని. లేకపోతే డ్రైవింగ్ లైసెన్స్ నంబర్, డేట్ ఆఫ్ బర్త్ కొట్టండి, నెల ముందు, తేదీ తర్వాత. చాలా సైట్లలో ఇంతటితో దొరికిపోతుంది. కొన్ని చోట్ల పేరుతో మాత్రమే వెతకనిస్తారు, మన కష్టాలు అక్కడ మొదలవుతాయి.

మన పేర్లు ఈ సిస్టమ్‌లకి అస్సలు పడవు. నా పాత రూమ్మేట్ పేరు వెంకట నాగ సాయి, ఇంటిపేరు రెండు ముక్కలు. వాడి టికెట్ కోసం నేనూ వాడూ గంటసేపు కూర్చున్నాం. ఇంటిపేరు మొత్తం కొడితే లేదు, మధ్యలో స్పేస్ తీసేసి కొడితే లేదు. చివరికి ఇంటిపేరులో రెండో ముక్క ఒక్కటే లాస్ట్ నేమ్‌లో పెడితే వచ్చింది, మొదటి ముక్క పోయి సాయి పక్కన మిడిల్ నేమ్‌లో కూర్చుంది. అందుకని ఇంటిపేరులో ఒక్కో ముక్కకీ మొదటి నాలుగక్షరాలు మాత్రమే కొట్టి చూడండి, ఫస్ట్ నేమ్ ఖాళీగా వదిలేయండి, వచ్చిన లిస్టులో పుట్టిన తేదీ చూసుకోండి. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళు ఫస్ట్ నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని కొట్టి చూడండి, నవ్వకండి, ఆ పేరుతోనే ఉండొచ్చు మీ రికార్డు.

టికెట్ పడిన మర్నాడే వెతికితే దొరకదు, కోర్టు సిస్టమ్‌లోకి ఎక్కడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. అప్పటికీ లేకపోతే క్లర్క్‌కి ఫోన్ చేయండి, పేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరం చెప్పండి. నేనైతే పొద్దున్నే ఆఫీస్ తెరిచిన పావుగంటలో చేస్తాను, మధ్యాహ్నం చేస్తే హోల్డ్‌లో మ్యూజిక్ వింటూ కూర్చోవడమే. ఇంకో చిట్కా: ఈ రికార్డులు పబ్లిక్ కాబట్టి టికెట్ పడ్డాక మెయిల్‌బాక్స్‌లోకి లాయర్ల ఉత్తరాలు వస్తుంటాయి, చెత్తలో పడేయకుండా ఒకసారి తెరిచి చూడండి, కోర్టు పేరు అందులో ఉన్నా ఉంటుంది.

పే బటన్ దగ్గర ఆగండి

అసలు విషయం ఇక్కడుంది. పైదంతా చదవకపోయినా ఇది చదవండి.

కేసు దొరికింది, పక్కనే పచ్చగా పే నౌ అని మెరుస్తోంది, ఎంతో కూడా వేశాడు, కట్టేస్తే పీడా పోతుంది అనిపిస్తుంది. నొక్కకండి. అది కరెంటు బిల్లు కాదు. టెక్సాస్‌లో మామూలు ట్రాఫిక్ టికెట్ క్లాస్ సీ మిస్‌డెమీనర్ కింద వస్తుంది, జైలు ఉండదు గానీ క్రిమినల్ కోర్టు కేసే. డబ్బు మొత్తం కట్టడం అంటే నో కాంటెస్ట్ అని ప్లీ ఇచ్చినట్టే, అంటే తప్పు ఒప్పుకోను గానీ వాదించను అని కోర్టుకి చెప్పినట్టే, దాంతో కన్విక్షన్ (దోషి అన్న తీర్పు) పడుతుంది, డ్రైవింగ్ రికార్డులోకి ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటారు, రెన్యూవల్‌లో వాళ్ళు పెంచేదాని ముందు ఈ ఫైన్ ఏ మూలకీ రాదు. పాయింట్లు లేవు కదా, సర్‌ఛార్జ్ 2019లో ఎత్తేశారు కదా అంటారు, నిజమే, ఎత్తేసింది స్టేట్ వసూలు చేసే సర్‌ఛార్జ్, ఇన్సూరెన్స్ కంపెనీని ఎవరూ ఆపలేదు.

కాబట్టి బటన్ నొక్కేముందు ఈ మూడింట్లో మీకు ఏది వర్తిస్తుందో చూసుకోండి.

ఒకటి, కాగితాల తప్పు. రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఎక్స్‌పైర్ అయిందనో లైసెన్స్ డేట్ దాటిందనో ఇచ్చిన టికెట్ అయితే 20 పని దినాల్లో గానీ కోర్టులో మొదటి హాజరు తేదీలోపు గానీ సరిచేసి చూపిస్తే జడ్జి కొట్టేయొచ్చు, 20 డాలర్లకు మించని ఫీజు తీసుకుని. ఇన్సూరెన్స్ కార్డు చూపించలేకపోయినందుకు పడితే, ఆ రోజుకి పాలసీ ఉన్నట్టు ప్రూఫ్ చూపించండి, డిస్మిస్ చేస్తారు. ఇది తెలియక మా బాబాయి కొడుకు స్టిక్కర్ టికెట్‌కి ఫుల్ ఫైన్ కట్టి వచ్చాడు, స్టిక్కర్ అప్పటికే కొత్తది అంటించుకుని మరీ.

రెండు, డిఫెన్సివ్ డ్రైవింగ్. స్పీడింగ్‌కి చాలామందికి ఇదే దారి. ఆరు గంటల కోర్సు, టీడీఎల్ఆర్ (స్టేట్ లైసెన్సింగ్ శాఖ) అప్రూవ్ చేసిందే చేయాలి, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. కానీ టికెట్ మీద వేసిన హాజరు తేదీ దాటకముందే అడగాలి. అడిగాక, అంటే కోర్టు ఒప్పుకున్నాక, కోర్సు మొదలుపెట్టాలి, ముందే చేసేసి సర్టిఫికెట్ పట్టుకుని పోతే లాభం లేదు. గత 12 నెలల్లో టికెట్ కోసం ఒకసారి తీసుకుని ఉండకూడదు, టెక్సాస్ లైసెన్స్ ఉండాలి, ఇన్సూరెన్స్ ప్రూఫ్ ఉండాలి, కమర్షియల్ లైసెన్స్ ఉండకూడదు. లిమిట్ కంటే 25 మైళ్ళు లేదా అంతకంటే ఎక్కువ పోయినా, పనివాళ్ళు ఉన్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో దొరికినా ఇవ్వరు. ఒప్పుకుంటే 90 రోజుల టైం ఇస్తారు. ఆలోపు కోర్సు సర్టిఫికెట్‌తో పాటు డీపీఎస్ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే స్టేట్ శాఖ) నుంచి టైప్ 3ఏ డ్రైవింగ్ రికార్డు కూడా ఇవ్వాలి. ఈ 3ఏ దగ్గరే బోల్తా కొడతారు. చవగ్గా ఉందని వేరే టైప్ రికార్డు కొంటారు, కోర్టు తీసుకోదు, ఈలోపు 90 రోజులు అయిపోతాయి. కోర్సు మొదలుపెట్టిన రోజే 3ఏ ఆర్డర్ చేసేయండి, నా ఇంట్లో అదే రూల్. కోర్టు ఖర్చులు మాత్రం ఎలాగూ కట్టాలి, ఫైన్ తప్పుతుంది, కన్విక్షన్ తప్పుతుంది.

మూడు, డిఫర్డ్ డిస్పొజిషన్. దాదాపు ప్రొబేషన్ లాంటిది, జడ్జి 180 రోజుల దాకా గడువు పెట్టొచ్చు, ఆ టైంలో ఇంకో టికెట్ తెచ్చుకోకపోతే కేసు కొట్టేస్తారు. ఇది ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. 25 ఏళ్ళలోపు వాళ్ళకి మూవింగ్ వయొలేషన్ (బండి నడుపుతూ చేసిన తప్పు) అయితే దీంతోపాటు ఆ కోర్సు కూడా చేయమంటారు, ఎంఎస్ చేసే పిల్లలు ఇది గుర్తుంచుకోండి.

తప్పు చేయలేదని గట్టిగా అనిపిస్తే నాట్ గిల్టీ చెప్పి ట్రయల్ అడగొచ్చు, అది వేరే కథ. లాయర్ని పెట్టుకోవాలా అని అడుగుతారు అందరూ. మామూలు స్పీడింగ్‌కి అక్కర్లేదనే చెప్తాను, వాళ్ళు చాలాసార్లు తెచ్చేది ఈ డిఫర్డే, అది మీరే ఒక ఫారం నింపి అడగొచ్చు. కమర్షియల్ లైసెన్స్ ఉన్నవాళ్ళ సంగతి వేరు.

తేదీ దాటిపోయి ఉంటే ఆన్‌లైన్‌లో ఏమీ నొక్కకండి. టికెట్ మీద సంతకం పెట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి హాజరవుతానని మాట ఇచ్చినట్టు, హాజరవ్వకపోతే దానికి ఇంకో కేసు పెట్టొచ్చు, వారంట్ వేయొచ్చు, లైసెన్స్ రెన్యూవల్ ఆపమని డీపీఎస్‌కి పంపొచ్చు. మనలో హెచ్1బీ వాళ్ళకి లైసెన్స్ ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువుతో పాటే అయిపోతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ వచ్చిన ప్రతిసారీ రెన్యూ చేయించుకోవాలి, సరిగ్గా అప్పుడే ఈ హోల్డ్ బయటపడుతుంది. ముందు క్లర్క్‌తో మాట్లాడండి, ఇంకా ఏ దారులు మిగిలాయో అడగండి.

కట్టడం

ఇక్కడ చెప్పడానికి ఏమీ లేదు. ఏ దారి ఎంచుకున్నారో ఆ ఆప్షన్ మీద టిక్ ఉందో లేదో చూసుకుని కార్డు నంబర్ కొట్టండి. కార్డు వాడినందుకు పైన కొంత ఫీజు పడుతుంది. పోస్టులో పంపితే మనీ ఆర్డర్ పంపండి, కవర్లో క్యాష్ పెట్టొద్దు. నాకు కుదిరితే కౌంటర్‌కే వెళ్తాను, స్టాంప్ వేసిన రిసీట్ చేతికొస్తుంది.

రిసీట్ ప్రింట్ తీసి, కేసు ముగిసినట్టు డిస్పొజిషన్ కాగితం కూడా అడిగి తీసుకుని పాస్‌పోర్ట్ ఫైల్లో పెట్టండి. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో ఎప్పుడైనా సైటేషన్ పడిందా అని అడుగుతారు, పదేళ్ళ తర్వాత ఆ కోర్టు వెంట పడి ఆ కాగితం తెప్పించుకోవడం కంటే ఇప్పుడు అడగడం తేలిక. మూడు వారాలాగి అదే సైట్లో అదే పేరుతో మళ్ళీ వెతకండి, తర్వాత డీపీఎస్ లైసెన్స్ ఎలిజిబిలిటీ పేజీలో కూడా చూడండి. కేసు ఇంకా ఓపెన్ అనే చూపిస్తుంటే రిసీట్ చేతిలో పెట్టుకుని క్లర్క్‌కి ఫోన్ చేయండి. నాకు ఒకసారి అలాగే జరిగింది, చూస్తే నా డబ్బులు అదే ఇంటిపేరున్న వేరే ఆయన కేసులో జమ అయ్యాయి.