ఎండాకాలంలో పిల్లలను బయట ఆడించడం ఎలా?

ఆటలో పడ్డ పిల్లలకు దాహం గుర్తుకు రాదు, అలసటా తెలియదు. “దాహమేస్తే వాడే తాగుతాడులే, నీరసమొస్తే వాడే వస్తాడులే” అనుకోవడం ఎండాకాలంలో కుదరదు. ఎప్పుడు తాగాలో, ఎప్పుడు నీడకు రావాలో గడియారం చూసి పెద్దవాళ్లే చెప్పాలి.

ముందు సర్దుకోవాల్సినవి

ఒక్కొక్కరికీ సొంత నీళ్ల సీసా, చుట్టూ అంచున్న టోపీ, వదులైన పలుచని నూలు బట్టలు, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్, రెండు తువ్వాళ్లు, బకెట్టు నీళ్లు. సీసా లోపల నీళ్లు బయటికి కనిపించాలి. స్టీలు సీసాలో ఎంత తాగారో తెలియదు, అందుకే అది వద్దు. 150 మి.లీ.కి ఒకటి చొప్పున మార్కరుతో గీతలు గీయండి. సన్‌స్క్రీన్ బయలుదేరడానికి 20 నిమిషాల ముందు రాయండి. తర్వాత రెండు గంటలకోసారి, తడిస్తే వెంటనే మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు పసివాళ్లకు లోషన్ కాదు, నీడే రక్ష.

వేళ

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో ఆట వద్దు. చాలామంది సాయంత్రం పూట పంపుతారు గానీ ఉదయమే సరైన వేళ. రాత్రంతా చల్లారిన నేల ఉదయానికి ఆటకు అనువుగా ఉంటుంది. సాయంత్రం సిమెంటూ తారూ పగలంతా పీల్చుకున్న వేడిని వదులుతుంటాయి. పొట్టిగా ఉండే పిల్లలకు ఆ సెగ పెద్దవాళ్లకంటే దగ్గరగా తగులుతుంది. ఫోనులో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు. ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు ఆట సగానికి తగ్గించండి.

సెలవులు మొదలైన రోజే రెండు గంటలు పరుగెత్తించకండి. మొదట 20–30 నిమిషాలు ఆడించి, రోజూ కాస్త పెంచుతూ పోండి. ఒంటికి వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు తగ్గి ఒకటి రెండు రోజులే అయితే ఆ బిడ్డను ఇంట్లోనే ఉంచండి.

జారుడుబల్ల మీద అరచేతి వెనుక భాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే బిడ్డను ఎక్కించొద్దు.

నీళ్లు

ఇరవై నిమిషాలకోసారి ఆట ఆపి తాగించాలి. 9–12 ఏళ్ల పిల్లలకు ఒక్కోసారి 100–250 మి.లీ., అంతకన్నా చిన్నవాళ్లకు కొన్ని గుక్కలు. గంట లోపు ఆటకు మామూలు నీళ్లు చాలు. గంట దాటి బాగా చెమట కారిస్తే ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు, కానీ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే ఎక్కువ బలం రాదు, ఒంట్లో ఉప్పు పెరుగుతుంది. మూత్రం ముదురు పసుపులో వస్తే నీళ్లు చాలలేదన్నమాట.

వడదెబ్బను పట్టుకోవడం

అందరూ తడబడేది ఇక్కడే. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం, చికాకు కనిపిస్తే అది ఎండకు సొమ్మసిల్లే దశ. నీడకు తెచ్చి, పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, విసురుతూ కొద్దికొద్దిగా తాగించండి. అరగంటలో తేరుకోకపోయినా, వాంతి ఆగకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాట తడబడితే, తూలితే, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే, మత్తుగా ఉంటే, ఫిట్స్ వస్తే అది వడదెబ్బ. తేడా తేల్చేది చెమట కాదు, తెలివి. “చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే” అని ఊరుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. పరుగెత్తి వడదెబ్బ తగిలిన బిడ్డకు ఒళ్లంతా చెమట కారుతూనే ఉండొచ్చు. చంకలో థర్మామీటర్ పెట్టి తక్కువ చూపించిందని ధైర్యపడొద్దు. లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటినా చర్మం దగ్గర అది తేలకపోవచ్చు.

అత్యవసర నంబరుకు ఒకరు ఫోన్ చేస్తుండగా మరొకరు నీళ్లు పోయడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. బండి కోసం ఎదురుచూస్తూ వట్టి చేతులతో కూర్చుంటే ఆ నిమిషాల్లోనే మెదడుకూ మూత్రపిండాలకూ దెబ్బ తగులుతుంది. బట్టలు తీసి, తల నుంచి కాళ్ల దాకా చల్లని నీళ్లు ఆపకుండా పోస్తూ గట్టిగా విసరండి. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోనివ్వొద్దు. టబ్బు ఉంటే మెడ దాకా నీళ్లలో ఉంచొచ్చు, కానీ ఒక మనిషి తలను రెండు చేతులా పట్టుకునే ఉండాలి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. ఐసు ఉంది కదా అని నీళ్లు పోయడం ఆపకండి, నీళ్లే ఎక్కువ వేడి లాగుతాయి. తెలివి పూర్తిగా వచ్చి వణుకు మొదలైతే అప్పుడు ఆపండి.

మత్తులో ఉన్న బిడ్డ నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టండి. పారాసెటమాల్ వేయకండి. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, ఆ మందు దాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో వేడి బయటినుంచీ, పరుగుల వల్లా పేరుకుంటుంది. ఆ మందుకు ఇక్కడ పనే లేదు.

నీళ్ల టబ్బు, కారు

చిన్న టబ్బయినా సరే, బిడ్డ చేయి చాపితే అందేంత దగ్గర్లో, ఫోన్ పక్కన పెట్టి కూర్చోవాలి. మునిగే పిల్లలు సాధారణంగా అరవరు. ఆట కాగానే టబ్బు బోర్లించండి. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీల వేడి పెరగొచ్చు, అద్దం కాస్త దించినా పెద్దగా తగ్గదు. వెనక సీటు చూశాకే తాళం వేయండి.

మళ్లీ ఆటకు

సొమ్మసిల్లి తేరుకున్న బిడ్డను ఎంత మారాం చేసినా ఆ రోజు మళ్లీ ఎండలోకి పంపొద్దు. వడదెబ్బ తగిలినవాళ్లు చూడటానికి మామూలుగా అయిపోయినా, డాక్టరు సరేననేదాకా పరుగుల ఆటలు ఆడకూడదు. ఆ తర్వాత కూడా 20 నిమిషాల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.