నోటు డబ్బులు రావట్లేదా? దావా కంటే ముందు లోక్ అదాలత్‌కి వెళ్లండి

ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడం మానేస్తే మనవాళ్లు ముందు పెద్దమనుషుల్ని కూర్చోబెడతారు. అక్కడ దసరాకి ఇచ్చేస్తానంటాడు, కాగితం మీద సంతకం కూడా పెడతాడు, దసరా పోయి సంక్రాంతి వచ్చినా రూపాయి రాదు. ఆ కాగితంతో మళ్లీ మొదటి నుంచి దావా వేసుకోవాల్సిందే. అదే రాజీ లోక్ అదాలత్‌లో, అంటే గొడవల్ని రాజీతో తేల్చడానికి న్యాయసేవాధికార సంస్థ నడిపే వేదికలో, రాసుకుంటే 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, మాట తప్పితే నేరుగా ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేయొచ్చు.

ముందు నోటు తేదీ చూడండి. దావాకి గడువు మూడేళ్లే, లోక్ అదాలత్‌లో అర్జీ పెడితే అది ఆగుతుందని నమ్ముకోకండి. గడువు దగ్గరపడితే ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక తేదీ వేసి అతని సంతకంతో చెల్లు రాయించుకోండి, అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. మూడేళ్లు దాటాక రాయించుకున్న చెల్లు ఇందుకు పనికిరాదు.

తర్వాత జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి, ఇద్దరి పేర్లు, అడ్రసులు, రావాల్సిన మొత్తం, నోటు తేదీ తెల్లకాగితం మీద రాసి జిరాక్సులతో ఇవ్వండి. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వాళ్లు అవతలివాళ్లకి నోటీసు పంపుతారు. రాకపోతే ఈడ్చుకురాలేరు, వచ్చినా ఒప్పుకోకపోతే వాళ్లే తీర్పు చెప్పేయలేరు, అప్పుడిక కోర్టే గతి. అయినా కోర్టు నుంచి కాగితం వచ్చిందంటే చాలామంది దిగొస్తారు, ఊళ్లో పరువు సంగతి కదా!

రాజీ కుదిరితే తొందరపడి సంతకం పెట్టకండి, దీనిమీద అప్పీలు ఉండదు. ఏ తేదీకి ఎంత, ఏ ఖాతాలో వేయాలి అన్నది ఒక్కో వాయిదాకీ విడిగా రాయించండి. ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వడ్డీతో ఒకేసారి కట్టాలన్న షరతు లేకపోతే మాత్రం అసలు ఒప్పుకోకండి.

ఇప్పటికే దావా నడుస్తున్నా ఇక్కడ రాజీ పడొచ్చు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. చెక్ బౌన్స్ కేసులూ వస్తాయి గానీ విడాకులు ఇవ్వరు, రాజీకి వీల్లేని క్రిమినల్ కేసులు తీసుకోరు. కరెంటు, ఇన్సూరెన్స్, ఆసుపత్రి గొడవలకైతే శాశ్వత లోక్ అదాలత్ వేరే ఉంది, కోర్టులో కేసు వేయకముందే అక్కడికి వెళ్లాలి. రాజీ కుదరకపోయినా అక్కడ తీర్పు చెప్పే అధికారం ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి.