డాల్ఫిన్‌కు విద్యుత్ క్షేత్రం తెలుస్తుందా: తొట్టితో బడిలో చేసి చూపే పద్ధతి

సాగర్ జలాశయం తప్ప సముద్రం చూడని మా నల్లగొండ పిల్లలకు డాల్ఫిన్ పాఠాన్ని బొమ్మతో చెప్పి ఊరుకుంటే అది మనసుకెక్కదు. నీటిలోని విద్యుత్ క్షేత్రాన్ని ఆ జీవి పసిగడుతుందని శాస్త్రజ్ఞులు ఎలా తేల్చారో ఒక ప్లాస్టిక్ తొట్టితో విజ్ఞాన ప్రదర్శనలో చేసి చూపవచ్చు.

తొట్టి నిండా బోరు నీళ్లు పోయండి. మన బోరు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి కనుక వేరే ఉప్పు అక్కరలేదు. రెండు కొసలా చెక్కిన పెన్సిళ్లను తొట్టికి చెరొక చివర ముంచి, రెండు టార్చి సెల్లులను వరుసగా కలిపి వాటికి తగిలించండి. మోటారు స్టార్టరు, ఇంటి కరెంటు దరిదాపులకు కూడా పోకూడదు. మల్టీమీటరు పుల్లలను సెంటీమీటరు ఎడంతో చెక్క స్కేలుకు కట్టి, సెల్లులు తగిలించక ముందే ఒకసారి రీడింగు రాసుకోండి, ఎందుకంటే పుల్లల లోహం వల్ల నీటిలో ఊరికే కొన్ని మిల్లీవోల్టులు కనిపిస్తాయి, వాటిని తర్వాత తీసివేయాలి. సెల్లులు కలిపాక, తొట్టి నడుమ స్కేలును పెన్సిళ్ల వైపు నిలిపితే రీడింగు వస్తుంది, అడ్డంగా తిప్పితే దాదాపు సున్నాకు పడిపోతుంది.

200 మిల్లీవోల్టుల స్థానంలో సాధారణ మీటరు చూపే చివరి అంకె 0.1 మిల్లీవోల్టు, అంటే 100 మైక్రోవోల్టులు. జర్మనీలోని న్యూరెంబర్గ్ జంతుప్రదర్శనశాలలో డోనా అనే బాటిల్‌నోస్ డాల్ఫిన్ సెంటీమీటరుకు 2.4 మైక్రోవోల్టుల క్షేత్రాన్ని గుర్తించిందని 2023లో ప్రచురితమైంది. మన మీటరు చివరి అంకెలో నలభయ్యో వంతన్నమాట! ఈ లెక్కను పిల్లల చేతనే చేయించండి.

ఇక అసలు పరీక్ష. న్యూరెంబర్గ్‌లో డాల్ఫిన్ నీటిలో తన ముట్టెను ఒక కడ్డీపై ఆనించి ఉంచుతుంది, క్షేత్రం తెలిస్తే వెంటనే పక్కకు తొలగాలి, తెలియకపోతే కదలకుండా ఉండాలి. బడిలో డాల్ఫిన్ స్థానంలో ఒక విద్యార్థి వేళ్లు నీటిలో ఉంచి "ఉంది" అనో "లేదు" అనో చెప్పాలి. బీరువా వెనక మరొకరు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే సెల్లులు కలపాలి, బొరుసు పడితే కలపకూడదు. ఇరవైసార్లు చేయాలి. ఊహించి చెప్పినా సగం సరిపోతాయి కాబట్టి, 15 లేదా అంతకు మించి సరైతేనే ఆలోచించాలి, ఎందుకంటే గుడ్డిగా చెప్పి 15 లేదా అంతకు మించి సరిపోయే అవకాశం నూటికి సుమారు 2 మాత్రమే.

మొదటిసారి మా తరగతిలో ఒక అబ్బాయి 17 సరిగా చెప్పేసరికి నేను సంబరపడ్డాను. తీరా చూస్తే వాడు స్విచ్చి "టక్" మన్న చప్పుడు విని చెబుతున్నాడు. బెర్లిన్‌లో కాలితో నేల తట్టి లెక్కలు చేసే గుర్రంగా పేరుపడ్డ హాన్స్ కూడా ఇంతే, అడిగేవాళ్ల ముఖకవళికలను, కదలికలను పట్టి కాలు ఆపుతోందని 1907లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ కనిపెట్టాడు. అందుకే మరుసటిసారి ఒకేలాంటి రెండు స్విచ్చులు పెట్టి, ఒకదానికి తీగ కలపకుండా వదిలేశాం; ప్రతిసారీ ఏదో ఒకటి నొక్కాల్సిందే. అప్పుడు వాడికి 9 మాత్రమే వచ్చాయి.

డాల్ఫిన్ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే అది ధ్వనితోనే వస్తువుల ఆకారం, సాంద్రత తెలుసుకుంటుంది. ఫ్రాన్స్‌లో అయస్కాంత క్షేత్రం తెలుస్తుందో లేదో చూడటానికి ఆరు డాల్ఫిన్ల ముందు అయస్కాంతీకరించిన దిమ్మెను, అయస్కాంతత్వం తీసేసిన అలాంటి మరో దిమ్మెను ఉంచిన పరీక్షలో, రెంటికీ ఆకారమూ సాంద్రతా ఒకటే ఉంచారు. అవి అయస్కాంతం ఉన్నదాని దగ్గరకే త్వరగా వచ్చాయని 2014లో వెల్లడైంది. గయానా డాల్ఫిన్‌పై 2012లో ప్రచురించిన పరీక్షలోనైతే, ముట్టెపై ఉండే గుంటలను ప్లాస్టిక్ తొడుగుతో కప్పేసరికి అది విద్యుత్ క్షేత్రానికి స్పందించడం మానేసింది. మీ చార్టులో "ఉంది" ప్రయత్నాలతో పాటు "లేదు" ప్రయత్నాల ఫలితాలకూ విడిగా గడి గీయండి. ఎప్పుడూ "ఉంది" అనే విద్యార్థి మొదటి గడిలో నూటికి నూరు తెచ్చుకుని, రెండో గడిలో దొరికిపోతాడు.