వరదకు ముందే బండి అడుగుకు రేకు: లంక దారుల్లో తిరిగేవారికి జాగ్రత్తలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన తరువాత బండి కింద రేకు బిగించుకోవాలని పరుగెత్తితే వెల్డింగ్ షాపులో ఖాళీ దొరకదు, దొరికినా పని తొందరలో పాడవుతుంది. జీపును గానీ, బొలెరోను గానీ ఏటిగట్లమీద, పుంతల్లో, నది మధ్య లంకల్లో తిప్పవలసినవారు ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబరుకూ గేరుబాక్సుకూ కాపుగా ఉండే ఈ రేకును, కాలువలు కట్టేసి నేల గట్టిగా ఉండే వేసవిలోనే చేయించుకోవడం మంచిది.

రేకు కొనేముందు మన దారిలో దేనినుంచి కాపాడుకోవాలో తేల్చుకోవాలి. కొండదారుల్లో తిరిగేవారు పెద్ద బండరాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఎంత మందమైన రేకు వేస్తే అంత మేలంటారు గాని, డెల్టాలో బండరాళ్ళు ఎక్కడున్నాయి? ఇక్కడ చాంబరును పగలగొట్టేవి వరద తీశాక ఇసుక మేటలో సగం పూడుకుపోయిన కొబ్బరి మొద్దులు, పక్కన మట్టి కోసుకుపోవడంతో పైకి తేలిన చప్టా అంచులు, తూముల కాంక్రీటు గోడలు. వీటికి తోడు, దెబ్బ తగలకపోయినా, బురదా ఉప్పునీరూ రేకును లోపలినుంచి తినేస్తాయి. అందుచేత ఈ ప్రాంతంలో రేకు మందం కంటే దానిని ఎలా బిగించారు, దానిపై చేరిన నీరూ బురదా ఎటు పోతాయి అన్న రెండు విషయాలే ముఖ్యం.

మామూలు ఇనుప రేకు 4 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు సుమారు 31 కిలోలు, 6 మిల్లీమీటర్లయితే సుమారు 47 కిలోలు తూగుతుంది. ఈ బరువులో ఎక్కువ భాగం ముందు స్ప్రింగులమీదనే పడి బండి కిందికి దిగుతుంది కాబట్టి, కాపు కోసం వేసిన రేకే నేలకు మరింత దగ్గరవుతుంది. 4 మిల్లీమీటర్ల రేకుకే రెండు పక్కల అంచులను మడత పెట్టిస్తే చదునైన రేకు కంటే ఎంతో బిగువు వస్తుంది. ఇక్కడి అవసరానికి అది చాలునని నా అభిప్రాయం. అల్యూమినియం 6 మిల్లీమీటర్లలో కూడా చదరపు మీటరుకు 16 కిలోలే ఉంటుంది గాని, అందులో రకం చూసుకోవాలి. 5052 రకం చల్లగానే మడతకు వస్తుంది, 6061-టి6 రకం బిగుతైన మడత దగ్గర పగులుతుంది. పైగా అంతర్వేది వైపు తీరప్రాంతంలో, రొయ్యల చెరువుల గట్లమీద తిరిగే బండికి అల్యూమినియం రేకును బండి అడుగు చట్రమైన ఇనుప ఛాసిస్‌కు నేరుగా తాకేలా బిగిస్తే, ఉప్పు తడిలో ఆ తాకిన చోటే అల్యూమినియం గుల్లబారుతుంది. మధ్యలో రబ్బరు గానీ నైలాన్ వాషర్లు గానీ తప్పనిసరి.

ఇనుము కోయించేముందు అట్టముక్కతో నమూనా చేసి, బండి కింద పట్టి చూడాలి. ఇంజను రబ్బరు మౌంటులమీద కదులుతుంది కనుక చాంబరుకూ రేకుకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, రాడ్లు ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. ముందు అంచు పైకి వాలి ఉండాలని అందరికీ తెలుసు. వెనుక అంచును మరచిపోతారు. లంక దారిలో ఎదురు బండి వస్తే వెనక్కి నడపక తప్పదు కాబట్టి, వెనుక అంచు కూడా కాస్త పైకి తిరగకపోతే అది మట్టిని తోడుకుంటుంది.

ఛాసిస్‌కు కొత్త బెజ్జాలు వేయవద్దు, వెల్డింగ్ అసలే వద్దు. కంపెనీ వేసిన మరబెజ్జాలు, చట్రాన్ని అడ్డంగా కలిపే క్రాస్ మెంబర్లు ఉన్నచోటే పట్టీలు బిగించి, బలంలో 8.8 గ్రేడుకు తగ్గని బోల్టులు వాడాలి. బోల్టు తలలు కిందికి పొడుచుకుని ఉంటే మొదటి మొద్దుకే తెగుతాయి లేదా అరిగి, పానా పట్టకుండా పోతాయి. వాటిని రేకులోకి దిగేలా అమర్చాలి, లేదా పక్కన కాపుపట్టీ అతికించాలి. రేకును ముందు బంపరుదాకా లాగి అక్కడ బిగించడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగవలసిన భాగం అదే. బండి నిర్మాణాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకుంటుంది కనుక, విప్పి తీసేయగల అమరికే క్షేమం.

చాంబరు కింద నూనె దించే నట్టుకు సరిపడా బెజ్జం, బురద జారిపోవడానికి పొడవాటి గాడులు ఉండాలి. నల్లరేగడి ఎండితే రాయిలా గట్టిపడి చాంబరుకు గాలి తగలనీయదు. సైలెన్సరు గొట్టం కింద మాత్రం రేకు వద్దు. దాళ్వా (రెండో పంట) వరి కోతలయ్యాక రోడ్లమీద ఆరబోసిన గడ్డిమీదుగా బండి పోతే, ఆ గడ్డి రేకుపైన చేరి వేడి గొట్టానికి ఆనుకుని రాజుకుంటుంది.

పని చేసేటప్పుడు ప్రాణానికి ముప్పు జాకీ దగ్గరే ఉంది. ఒక్క జాకీమీద గానీ, ఇటుకలమీద గానీ నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఒండ్రు నేలలో జాకీ ఒక పక్కకు దిగిపోతుంది కనుక సిమెంటు నేలమీద, చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు వేసిన తరువాతే పడుకోవాలి. రేకును చేతులతో ఎత్తి పట్టుకుని బోల్టు వేయబోవద్దు. రెండో మనిషిని గానీ, ట్రాలీ జాకీని గానీ పెట్టుకోవాలి. వెల్డింగ్ అంతా బండికి దూరంగా జరగాలి. జింకు పూత ఉన్న రేకునైతే, వెల్డింగ్ పడేచోట పూతను ముందుగా గీకేయాలి. ఆ పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. గీకేటప్పుడూ, గ్రైండరు పట్టినప్పుడూ కళ్ళద్దాలు, మాస్కు తీయవద్దు.

రంగు రెండు వైపులా పడాలి: ముందు జింకు ప్రైమరు, పైన ఎపాక్సీ. లోపలి వైపు కనబడదని వదిలేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ బిగించి, బోల్టుమీదనుంచి రేకుమీదికి తెల్లరంగుతో ఒక గీత గీస్తే, వదులైనది కంటికే తెలుస్తుంది. ఉప్పునీటి దారినుంచి వచ్చిన రోజున గాడుల్లోంచి మంచినీళ్ళు గట్టిగా కొట్టి కడగాలి. రేకు ఉన్న బండి కింద నూనె చుక్కలు నేలమీద సరిగా కనబడవు, అవి చాలావరకు రేకులోనే నిలుస్తాయి. అందుచేత వారానికొకసారి డిప్‌స్టిక్ తీసి నూనె మట్టం చూడడం, సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా రేకు విప్పించి చాంబరు అడుగును చేత్తో తడిమి చూడడం మానకూడదు.