వానాకాలంలో ఆర్సీ విమానం – 5వ పాఠం: ముసురు ఆకాశంలో అది వస్తోందా, పోతోందా?

ఆర్సీ, అంటే రేడియో రిమోట్‌తో నడిపే విమానాల మీద ఈ పాఠం మొత్తం ఆకాశం గురించే రాద్దామనుకున్నాను. తడి తగలకుండా పూత పూయమన్న నాలుగో పాఠం చదివి ఈఎస్‌సీలకూ (మోటారు వేగాన్ని నడిపే బోర్డులు) రిసీవర్లకూ (రిమోట్ సిగ్నల్ అందుకునేవి) పూత పూసినవాళ్ళు పంపిన ఫోటోలు చూశాక, ముందు ఆ గొడవ తేల్చక తప్పదనిపించింది. చాలా ఫోటోల్లో బోర్డు మీద తెల్లటి జిగురు ముద్ద, దాని అంచుల వెంట పచ్చటి చిలుము. "వానలో ఎగరేయనే లేదండీ, బీరువాలో ఉండగానే పాడైపోయింది" అని ఒకాయన వాపోయారు.

బీరువాలోనే పాడైందంటే వాన తప్పేమీ లేదు. తప్పంతా ఆ ట్యూబుది. సిలికాన్ కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద పలచగా అంటుకునే రక్షణ పూత) అని నేను రాస్తే సిలికాన్ అన్న మాట ఒక్కటే పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి, వాష్‌బేసిన్ అంచులకు కొట్టే ట్యూబు తెచ్చారు. ఆ రకం ట్యూబుల్లో చాలావాటికి మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకు తగులుతుంది. అది వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లమే. ఈ సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. గట్టిపడుతున్నంతసేపూ ఆమ్లాన్ని వదులుతుంటుంది. టైలు మీద అయితే ఆ ఆమ్లం గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. బోర్డు మీద అయితే కింద వెంట్రుకంత రాగి గీతలుంటాయి. రాగికి ఆ ఆమ్లం తగిలితే పట్టేది చిలుమే.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ముద్ద ఆరకముందే పైన హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడిగారు. అప్పుడిక ఆమ్లానికి బయటికి దారే లేదు. ముద్ద ఎంత మందంగా ఉంటే లోపల ఆరడానికి అన్ని రోజులు పడుతుంది. పైన వేలు పెడితే ఆరినట్టే ఉంటుంది, లోపల పని జరుగుతూనే ఉంటుంది. "అక్వేరియం ట్యూబు వాడానండీ, చేపలకే ఏమీ కాదు కదా" అన్నారు మరొకరు. చేపలకు ఏమీ కాదు, నిజమే. ఎందుకంటే పూర్తిగా ఆరి, ఆమ్లమంతా పోయాకే తొట్టిలో నీళ్ళు పోస్తారు. మీ బోర్డు మాత్రం ముద్ద ఆరకముందు నుంచీ దాని కిందే ఉంది.

ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని ఉంటే ఆ ఆమ్లం రాదు. అసిటాక్సీ లేదా అసిటిక్ అని ఉంటే పక్కన పెట్టండి. ఏమీ రాయకపోతే వాసన చూడండి, పుల్లగా ఉంటే అది బాత్రూముకే. న్యూట్రల్ దాన్ని కూడా నేను బోర్డు మీద పూయను, మోటారు తీగలు కదలకుండా పట్టి ఉంచడానికి ఒక చుక్క పెడతానంతే. బోర్డుకు పూయాల్సింది చిన్న బ్రష్‌తో వచ్చే కన్ఫార్మల్ కోటింగ్ సీసా. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. మిగతావాళ్ళు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. రిసీవర్‌కైతే రంగులేని గోళ్ళ పాలిష్ కూడా పనికొస్తుంది. ఈఎస్‌సీకి మాత్రం వద్దు, వేడికి పగుళ్ళిస్తుంది.

ఇప్పటికే పుల్లటి ముద్ద పెట్టేసినవాళ్ళు గోటితో మెల్లగా ఒలిచేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. చిలుము పోయి కింద రాగి మెరిస్తే ఆరబెట్టి, ప్రొపెల్లర్ తీసేసి బల్ల మీద నడిపి చూడండి. గీత తెగి ఉంటే మాత్రం ఆ ఈఎస్‌సీ మీద ఆశ వదులుకోండి. గాలిలో ఆగిపోతే దాంతోపాటు విమానమూ పోతుంది.

మిగతా ఫిర్యాదులు త్వరగా ముగిస్తాను. పూత పలచగా ఉండాలి, ఈఎస్‌సీ మీది అల్యూమినియం రేకుకు అసలు ఉండకూడదు. అది గాలి తగిలి చల్లబడాల్సిన రేకు. కనెక్టర్ పిన్నులకు పూత పూయకూడదని వేరే చెప్పాలా అనుకున్నాను, చెప్పాల్సిందేనని తేలింది. రిసీవర్‌ను బెలూన్‌లో కట్టేసినవాళ్ళు సాయంత్రానికి దాన్ని విప్పి లోపలి చెమ్మ చూడండి. తడిసిన సర్వోను (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటారు) బియ్యం డబ్బాలో దాచొద్దు. ఫ్యాన్ కింద ఒక రాత్రి పెడితే చాలు, బియ్యప్పిండి గేర్లలోకి పోకుండా ఉంటుంది. హెయిర్ డ్రయర్‌ను విమానం ఫోమ్ దగ్గరికే రానివ్వొద్దు.

"వానకు సిగ్నల్ పోతుందా?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి చినుకులు మన రిమోట్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగేస్తాయని ఒక ప్రచారం ఉంది. మనం ఎగరేసే దూరాల్లో చినుకుల వల్ల పోయేది లెక్కలోకి రాదు. మధ్యలో తడిసిన చెట్లుంటే అది వేరే సంగతి, ఆకుల మీది నీళ్ళు గట్టిగానే అడ్డుకుంటాయి. చెట్ల వెనక్కి పోనివ్వకండి. అసలు ఎండలో మాత్రం పోనివ్వాలా?

ఇక ఆకాశం.

మృగశిర వెళ్ళి ఆరుద్ర కార్తె వచ్చాక మనకు దొరికేవన్నీ మబ్బు రోజులే. ఆషాఢంలో పడమటి గాలి రోజంతా కొడుతుంది. జల్లు వెలిసిన వెంటనే ఒక్కోసారి కాసేపు ఆకు కదలదు. నేను విమానం తీసేది అప్పుడే, గాలిలో కుస్తీ పట్టే సరదా నాకు లేదు. ఉరుము వినిపిస్తే దించేయాలి, దాని మీద చర్చ లేదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ సంగతి మూడో పాఠంలో చెప్పాను.

ముసురులో కూలిన మోడళ్ళలో నీళ్ళకు పాడైనవి తక్కువ. అది ఎటు చూస్తోందో తెలియక వ్యతిరేక దిశలో ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) స్టిక్ నెట్టి నేలకు కొట్టినవే ఎక్కువ. ఎండ రోజున సూర్యుడు ఒక పక్క నుంచి వెలుగిస్తాడు, రెక్క వంగితే ఒకవైపు మెరుస్తుంది, మరోవైపు నీడ పడుతుంది. మబ్బు రోజున ఆకాశమంతా ఒకే వెలుగు, విమానం కడుపు మాత్రం నీడలో. కాస్త దూరం పోగానే రంగులన్నీ చచ్చిపోయి ఒట్టి నల్లటి ఆకారం మిగులుతుంది. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ టేపు అంటించుకున్నవాళ్ళు ఆ టేపును నమ్ముకోకండి. తెల్లటి లేదా బూడిదరంగు ఫోమ్ అయితే ఆ ఆకారం కూడా ఉండదు, మబ్బులో కలిసిపోతుంది.

అందుకే నా విమానాల కడుపు నలుపు. సన్‌ప్యాక్ షీట్ (బోర్డులకు వాడే తేలికైన ప్లాస్టిక్ షీట్) నలుపుదే కొంటాను. ఫోమ్ అయితే రెక్కల కింద అరచేయి వెడల్పున నల్ల పట్టీలు వేస్తాను, పైభాగానికి ఫ్లోరసెంట్ నారింజ. ముక్కు దగ్గర ఒక శక్తిమంతమైన తెల్ల ఎల్‌ఈడీ పెట్టడం కూడా మంచిదే. అది కనిపిస్తోందంటే మీ వైపు వస్తున్నట్టు. రెక్కల కింద అతికించే అలంకరణ స్ట్రిప్పులు పగటిపూట బ్యాటరీకి దండగ.

రంగులు సాయపడతాయిగానీ కాపాడవు. అయోమయం వచ్చినప్పుడు చేతులేం చేయాలో తెలిసి ఉండాలి.

విమానం దూరంగా ఉంది, దాని ఎడమ రెక్కో కుడి రెక్కో తెలియదు, మీకు కనిపించేదల్లా మీ ఎడమవైపు కొస కిందికి వంగి ఉండటం. మీ నుంచి దూరంగా పోతుంటే కిందికి ఉన్నది దాని ఎడమ రెక్క. మీ వైపు వస్తుంటే అది కుడి రెక్క. "ఎటు జారుతోందో చూసి చెప్పొచ్చు కదా" అంటారు. చెప్పలేరు. రెండు సందర్భాల్లోనూ అది మీ ఎడమకే జారుతుంది. కానీ చేయాల్సిన పని మాత్రం తలకిందులు. దూరంగా పోతుంటే స్టిక్ కుడికి, మీ వైపు వస్తుంటే ఎడమకు, అంటే వంగిన వైపుకే.

కాబట్టి ఊహించకండి, విమానాన్నే అడగండి. ఎత్తు ఉంటే, థ్రాటిల్ (మోటారు వేగం) సగంలో ఉంచి ఐలెరాన్ స్టిక్‌ను (రెక్కలను పక్కకు వంచేది) కుడికి కొద్దిగా, అర సెకను నెట్టి వదిలేయండి. మీకు కనిపించే కుడి కొస కిందికి దిగితే పోతోంది. ఎడమ కొస దిగితే వస్తోంది.

అడ్డంగా, ఒక పక్క నుంచి మరో పక్కకు పోతున్నప్పుడు ఇంకా సులువు. ఎటు పోతోందో ఎలాగూ కనిపిస్తుంది. కనిపించనిది రెక్క మీ వైపు వంగిందా అవతలికి వంగిందా అన్నది. నా పద్ధతి ఒక్కటే: ఎటు పోతుంటే అటే స్టిక్. కుడికి పోతున్న విమానానికి కుడి రెక్క మీ వైపు ఉంటుంది, కుడి స్టిక్ ఇస్తే మీ వైపే తిరుగుతుంది. ఎడమకు పోతుంటే ఎడమ స్టిక్. కొంచెం ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది) లాగి పట్టండి, ముక్కు ఇంటికి తిరుగుతుంది. తలకిందులుగా ఎగురుతుంటే ఇది పనిచేయదు. అయినా ముసురులో తలకిందులుగా ఎందుకు?

డైహెడ్రల్ (కొసలు కాస్త పైకి లేచిన రెక్కల వంపు) ఉన్న హై వింగ్ ట్రైనర్ (రెక్క బాడీ పైన ఉండే, నేర్చుకునేవాళ్ళ విమానం) అయితే స్టిక్కులు వదిలేస్తే చాలావరకు తనే సర్దుకుంటుంది. వానాకాలం మొత్తం నేను దాన్నే ఎగరేస్తాను. గైరో పెట్టుకుంటామంటే మీ ఇష్టం. గైరో రెక్కలు సరిచేస్తుందిగానీ ఎటు పోతోందో చెప్పదు.

మబ్బులోకి మాత్రం పోనివ్వకూడదు. మైదానాల్లో మన ఎత్తులకు మబ్బు సాధారణంగా దిగిరాదు. అనంతగిరి, అరకు, లంబసింగి లాంటి చోట్ల మీరు నిలబడిన చోటికే వస్తుంది. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం కూడా సరదాకు ఎగరేసే మోడల్ కంటిచూపు దాటకూడదు. చూపు తప్పిందంటే థ్రాటిల్ తీసేయండి, ఎలివేటర్ మీద చేయి వేయకండి, కిందికి దిగి కనిపించేదాకా ఆగండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ముందుకు చూరు ఉన్న టోపీ తప్పనిసరి. నల్లద్దాలు ఇంట్లో పెట్టండి, పసుపు అద్దాలు పనికొస్తాయి. మబ్బు రోజున సూర్యాస్తమయానికి బాగా ముందే వెలుగు పోతుంది, గడియారాన్ని కాదు, ఆకాశాన్ని చూసి దించండి.

అభ్యాసం. సన్‌ప్యాక్ ముక్కలతో మూరెడు రెక్కలున్న విమానం బొమ్మ కట్టి, మొత్తం నల్లరంగు కొట్టి, పొడవాటి కర్రకు గుచ్చండి. ఎవరినైనా బతిమాలి డాబా ఎక్కించండి. మీరు వీధి చివర, బొమ్మ వెనక ఒట్టి మబ్బు మాత్రమే ఉండే చోట నిలబడాలి, చేతిలో ఆఫ్ చేసిన ట్రాన్స్‌మిటర్. ఆయన బొమ్మ ముక్కును మీ వైపో అవతలికో తిప్పి, రెక్క ఒక పక్కకు వంచి పట్టుకుంటారు. మీరు "కుడి" అని అరిస్తే, ఆ స్టిక్‌కు నిజం విమానం ఎటు వంగుతుందో ఆయన అటు వంచి చూపాలి. అది చూసి మీరు రెక్కలు సమం చేసే వైపుకు స్టిక్ నెట్టి, ఎటు నెట్టారో అరిచి చెప్పాలి. కాస్త తటపటాయించినా తప్పు కింద లెక్క. వరసగా 25 సరిగ్గా రావాలి, ఒక్కటి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి. 24 దగ్గర తప్పినా అంతే. తర్వాత పాత్రలు మార్చుకోండి. బొమ్మను సరిగ్గా వంచడం స్టిక్ నెట్టడం కంటే కష్టమని అప్పుడు తెలుస్తుంది.

25 వచ్చినవాళ్ళు మాత్రమే చినుకు లేని మబ్బు రోజున మైదానానికి వెళ్ళి, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఎగరేస్తూ, ప్రతి చివరా ఎటు పోతుంటే అటే స్టిక్ ఇచ్చి తిప్పండి. లూపులొద్దు.

వచ్చే పాఠం తడి నల్లరేగడిలో దింపడం. చక్రాలు విప్పి పెట్టుకోండి.