లాక్ పడినా లాగితే తెరుచుకునే కార్డు తలుపు: నా అనుభవం

అనంతపురం సాయినగర్‌లో మా అపార్ట్‌మెంట్ మెయిన్ డోర్‌కి కార్డుతో తెరిచే మాగ్నెటిక్ లాక్ ఉంది. లైటు లాక్ అయినట్టే చూపిస్తుంది, గట్టిగా లాగితే మాత్రం తలుపు వచ్చేస్తుంది. "అన్నా, ఎవరెవరో లోపలికి పోతాండారు" అని వాచ్‌మన్ చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

కార్డు రీడర్ మార్చాం, పవర్ సప్లై మార్చాం, కార్డులన్నీ మళ్లీ ఎక్కించాం. ఫలితం లేదు.

మీటర్ పెడితే లాక్ దగ్గర 12 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. అప్పుడు లాక్‌లోని అయస్కాంతం పట్టుకునే, తలుపుకున్న ఇనుప పలక మీద అనుమానం వచ్చింది. అది రాయిలా బిగిసి ఉంది. నిజానికి అది కొద్దిగా ఊగాలి, అప్పుడే అయస్కాంతానికి పూర్తిగా ఆనుకుంటుంది. వెంట్రుకంత సందు మిగిలినా పట్టు బాగా తగ్గిపోతుంది.

ముందు కరెంట్ ఆపి, అలెన్ కీతో మధ్య బోల్టు విప్పాను. వెనక రబ్బరు వాషరే లేదు! రెండు స్టీలు వాషర్ల మధ్య రబ్బరు వాషర్ పెట్టి, చేత్తో కదిపితే పలక కొంచెం ఆడేలా బిగించాను, అంతకు మించి ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. పలకనూ అయస్కాంతాన్నీ పొడిగుడ్డతో తుడిచి కరెంట్ ఇచ్చాను. వాచ్‌మన్, నేను ఇద్దరం కలిసి లాగినా రాలేదు. మూడు వారాలుగా బాగానే ఉంది.

మాది 280 కిలోల బలంతో లాగినా పట్టి ఉంచే రకం లాక్. మీ లాక్ దగ్గర వోల్టేజీయే తక్కువ వస్తుంటే ఇది పనిచేయకపోవచ్చు. కరెంట్ పోతే తెరుచుకోవడం మాత్రం లోపం కాదు, అగ్నిప్రమాదంలో జనం బయటపడాలనే అలా తయారు చేస్తారు. దానికి బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి.